అంచు నలిగిన దిమ్మ

ఆ దిమ్మ పాడైందని నేను రాసిన రోజున అది నిజంగానే పాడైనట్టు కనిపించింది. పై అంచున గదుల గోడలన్నీ నలిగి, ముడతలు పడి, వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. కింది అంచు మాత్రం కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరైనా చెప్పేస్తారు. నేనూ అలాగే చెప్పాను. కంటి ఎదుట ఉన్నదాన్ని కాదనుకోవడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

హోసూరులో మేముండే వీధి నుంచి షేర్ ఆటోలో పావుగంట పోతే ఒక చిన్న ఫ్యాక్టరీ వస్తుంది. అందులో నాది క్వాలిటీ విభాగం. బయటికి వెళ్ళే సరుకును కొలిచి, చూసి, పచ్చ చీటీ అతికించాలో ఎర్ర చీటీ అతికించాలో తేల్చడం నా పని. మాది గుంటూరు వైపు. అక్కడ నూలు మిల్లులో పన్నెండేళ్ళపాటు దారంలో ముడులు, సన్నం దొడ్డు తేడాలు పట్టుకున్నాను. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం దొరికాక ఈ ఊళ్ళో కాపురం పెట్టాం. ఆయన పొద్దున్నే బస్సెక్కి తమిళనాడు సరిహద్దు దాటి వెళ్తారు, నేను ఆటో ఎక్కి ఇటు వస్తాను. దారం నుంచి అల్యూమినియానికి మారాను కానీ నా కళ్ళు మారలేదు. లోపం ఉంటే కనిపించి తీరుతుంది, కనిపిస్తే నోరు ఊరుకోదు. నాకు ముక్కు మీద కోపమని మా అత్తగారు పెళ్ళయిన వారానికే కనిపెట్టారు.

మా ఫ్యాక్టరీలో తయారయ్యేది తేనెపట్టు. నిజం తేనెపట్టు కాదు, అల్యూమినియంది. పల్చని రేకుల మీద గీతలు గీతలుగా జిగురు పూసి, వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తారు. ఆరిన తర్వాత రెండు వైపులా పట్టి లాగితే, పెళ్ళి పందిట్లో వేలాడదీసే రంగు కాగితపు బుట్టల్లా విచ్చుకుంటుంది. జిగురు ఉన్నచోట అంటుకుని, లేనిచోట తెరుచుకుని, లోపలంతా ఆరు పలకల గదులు ఏర్పడతాయి. ఆ గదులు నిలువుగా నిలబడేట్టు కోసి దిమ్మలు చేస్తారు. చేత్తో ఎత్తితే బరువే ఉండదు. పక్క నుంచి నొక్కితే ఇట్టే వంగిపోతుంది. అదే నిలువుగా పెట్టి, దాని మీద నేనెక్కి నిలబడ్డా చలించదు. చేరిన మొదటి రోజే ఎక్కి చూశాను. అందరూ నవ్వారు.

ఈ దిమ్మల్ని రైలు ముందు భాగంలో, డ్రైవరు కూర్చునే గదికి ముందర ఒక పెట్టెలో పెట్టి బిగిస్తారని మేనేజరు చెప్పారు. బండి దేన్నైనా గుద్దుకుంటే ముందుగా నలిగేది ఇదే. గదుల గోడలు మడత మీద మడత పడుతూ కుంగిపోతాయి. ఆ మడతలు వేయడానికే గుద్దుడు బలమంతా ఖర్చయిపోతే, వెనకున్న మనిషికి చేరేది తక్కువ. అంటే నలగడమే దీని ఉద్యోగం. ఆ మాట నాకు బాగా అర్థమైందనుకున్నాను. నలగాల్సిన వస్తువు గుద్దినప్పుడు నలగాలి. మా దగ్గర బయల్దేరేటప్పటికే నలిగి ఉంటే ఇక అక్కడ నలిగేదేముంది? ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదనిపించింది.

అంచు నలిగిన దిమ్మలన్నీ ప్రెస్ దగ్గర పనిచేసే పెద్దాయన చేతి మీదుగా వచ్చినవి. ఆయనది హోసూరు పక్కనున్న కెలవరపల్లి. తరతరాలుగా ఇక్కడి తెలుగువాళ్ళే. అరవైకి దగ్గర పడిన మనిషి, ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ అదే ప్రెస్ దగ్గర నిలబడి ఉన్నాడు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ ఒకే వాక్యంలో కలిపేసేవాడు. నేను మా ఊరి అలవాటు కొద్దీ బాబాయ్ అని పిలిస్తే మొదట్లో వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నాననుకునేవాడు. నా తెలుగు సినిమా వాళ్ళ తెలుగులా ఉందని ఆటపట్టించేవాడు. యాడ, ఈడ అంటూ ఆయన మాట్లాడేది నాకు సగం పాటలా వినిపించేది. ఆ ఫ్యాక్టరీలో నాతో ముందుగా స్నేహంగా మాట్లాడింది ఆయనే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన మీద నాకు కక్ష ఉందని తర్వాత ఒకరిద్దరు అనుకున్నారు.

దిమ్మ కోత అయ్యాక ఆయన దాన్ని ప్రెస్ కింద పెట్టి, చెవి ఒక పక్కకు వంచి, మెల్లగా లీవరు దించేవాడు. ఒక్క క్షణం ఏమీ అయ్యేది కాదు. తర్వాత లోపల టప్పుమని చిన్న చప్పుడు వచ్చేది. వెంటనే చెయ్యి తీసేసేవాడు. బయటికి తీస్తే పై అంచు చిటికెన వేలి గోరంత మందాన నలిగి ఉండేది. నేను చేరి నెల గడిచాక గానీ ఇది గమనించలేదు, అప్పటిదాకా నన్ను రేకుల దగ్గర ఉంచారు. గమనించిన రోజు వెళ్ళి ఎందుకిలా చేస్తున్నారని అడిగాను. అది అట్లే ఉండాలన్నాడు. ఎందుకు ఉండాలన్నాను. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో ఉన్న ఇంజనీరు సారు అట్లే ఒత్తమని నేర్పించి పోయినాడన్నాడు. ఆ సారు ఎప్పుడో విదేశం వెళ్ళిపోయాడట. కారణం మాత్రం తనకు తెలియదని, ఆయన చెప్పనూ లేదని, తాను అడగనూ లేదని తీరిగ్గా చెప్పాడు.

తెలియదన్న మాట నాకు నచ్చలేదు. డ్రాయింగు తీసి చూశాను. ఎత్తు రాసి ఉంది, గది కొలత రాసి ఉంది, నలిగిన గదులు, సొట్టలు ఉండరాదని కూడా రాసి ఉంది. ముందే ఒత్తాలని ఎక్కడా లేదు. పని చేసే పద్ధతి రాసిన కాగితాల్లోనూ లేదు. నాకంటే ముందు ఈ పనిలో ఉన్న మనిషి ఇన్నేళ్ళూ ఆ అంచును చూసీ చూడనట్టు పచ్చ చీటీలు అతికించేశాడన్నమాట. నా ఒళ్ళు మండిపోయింది. రైలు డ్రైవరు ప్రాణానికి అడ్డంగా పెట్టే వస్తువును, ఎందుకో తెలియకుండా అలవాటు కొద్దీ చితక్కొట్టి పంపిస్తున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు పన్నెండు దిమ్మలకు ఎర్ర చీటీలు అతికించాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ గేటు లోపల వరసగా నిలబడతారు. ముందురోజు తప్పిన సరుకును క్వాలిటీ వాళ్ళు పైకెత్తి చూపించి, లోపం ఏమిటో, ఎవరి మిషను నుంచి వచ్చిందో చెప్పాలి. పేరు చెప్పరు, టోకెన్ నంబరు చెబుతారు. చిన్న ఫ్యాక్టరీలో ఏ నంబరు ఎవరిదో తెలియనిదెవరికి? నేను ఆ పన్నెండింటిలో ఒక దిమ్మను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అంచు మీద వేలు పెట్టి చూపించాను. వివరంగా, గట్టిగా, మూడుసార్లు చెప్పాను. తెలుగు రాని వాళ్ళ కోసం నాకొచ్చిన కొద్దిపాటి తమిళంలోనూ చెప్పాను. పెద్దాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి.

మేనేజరు ఆయన్ను ప్రెస్ దగ్గర నుంచి తీసి ప్యాకింగుకు మార్చారు. ప్రెస్ వాడడమే ఆపేశారు. ఆ మర్నాటి నుంచీ వచ్చిన దిమ్మలు రెండు అంచులూ సమానంగా, అద్దంలా మెరుస్తూ వచ్చాయి. వాటిని ఆయనే అట్టపెట్టెల్లో సర్దేవాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఆటపట్టించడం మాత్రం మానేశాడు. ఒకరోజు టీ బండి దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. గ్లాసు వైపే చూస్తూ అడిగాడు.

"ఇన్నాళ్ళూ నేను ఒత్తి పంపించినానే, అవన్నీ చెడిపోయినవేనా అమ్మా?"

నేను ఆలోచించలేదు. రూలు ప్రకారం చూస్తే సమాధానం ఒక్కటే. "అవును బాబాయ్, రూలు ప్రకారం అన్నీ అంతే" అన్నాను. ఆయన తలాడించి గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. వారం తిరగకుండానే పనికి రావడం మానేశాడు. ఒంట్లో బాగాలేదేమో అన్నారు, వయసయింది కదా అన్నారు. నేనూ అదే అనుకోవడానికి ప్రయత్నించాను.

మెరిసే దిమ్మల్ని రైళ్ళకు పంపే ముందు కొన్నింటిని పరీక్షకు పంపాలి. మా సరుకు కొనే కంపెనీకి కృష్ణగిరి రోడ్డులో పరీక్షలు చేసే షెడ్డు ఉంది. ఎత్తైన ఇనుప గోపురం లాంటిది, పై నుంచి పెద్ద బరువును వదిలితే కింద పెట్టిన దిమ్మ మీద పడుతుంది. దిమ్మ కింద ఉన్న పరికరం ఎంత బలం తగిలిందో క్షణ క్షణం గీత గీస్తుంది. నేనూ మేనేజరూ వెళ్ళాం. నేను సరదాగానే వెళ్ళాను. నా చేత్తో ఎంచిన దిమ్మ కదా, చూసి మురిసిపోదామనుకున్నాను.

బరువు పడింది. కాళ్ళ కింద నేల అదిరింది. దిమ్మ పొట్టిదై, మడతలు మడతలుగా కుంగిపోయి ఉంది. చక్కగా నలిగింది కదా అని నేను మేనేజరు వైపు నవ్వుతూ చూశాను. పరీక్ష చేసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. తెర మీద గీత చూపించింది. మొదట్లోనే ఒక ముల్లు నిటారుగా పైకి లేచింది, ఆ తర్వాత గీత కిందికి దిగి, చాలాదూరం చదునుగా సాగి, చివర్లో మళ్ళీ పైకెక్కింది. చివర్లో ఎక్కడం మామూలేనట, గదులన్నీ మడతపడి ఇక నలగడానికి చోటు లేనప్పుడు దిమ్మ రాయిలా గట్టిపడుతుంది. ఆ మొదటి ముల్లే ఉండకూడనిది. అది గీసి ఉంచిన హద్దును దాటిపోయింది. మా దిమ్మ తప్పింది.

ఆ అమ్మాయి పాత పరీక్షల గీతలు తీసి పక్కన పెట్టింది. వాటిలో ముల్లు లేదు. గీత మెల్లగా ఎక్కి చదునుగా సాగింది. మీరు ముందుగా ఒత్తడం మానేశారా అని ఇంగ్లీషులో అడిగింది. మేనేజరు నా వైపు చూశారు. నేను ఆమె వైపు చూశాను. ఏ ఒత్తడం అని అడిగాను కానీ, అడుగుతుండగానే పెద్దాయన ప్రెస్ గుర్తొచ్చింది.

నాకు నమ్మకం కలగలేదు. తప్పిన సరుకు వేసే మా ఎర్ర డబ్బాలో ఆ పన్నెండు దిమ్మలు ఇంకా అలాగే పడి ఉన్నాయి, పారేయడానికి కాగితాలు కదలలేదు. మర్నాడు అందులోంచి ఒకటి పట్టుకుని నేనే వెళ్ళాను. నా ఎర్ర చీటీ దాని ఒంటి మీదే ఉంది. ఆ అమ్మాయి దాన్ని పీకి పక్కన పెట్టి బరువు వదిలింది. ఈసారి చప్పుడే వేరుగా, మెత్తగా వినిపించింది. గీత ముల్లు లేకుండా వెళ్ళి చదునులో కలిసింది. తప్పిందని నేను రాసినది నెగ్గింది, మంచిదని నేను రాసినది తప్పింది. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కొత్త దిమ్మలో గోడలన్నీ నిటారుగా, ఒకదానికొకటి ఆసరాగా నిలబడి ఉంటాయి. దెబ్బ తగలగానే మొదటి క్షణం అవి వంగనంటాయి. వంగననుకున్నంతసేపూ దెబ్బ నలగడానికి ఖర్చు కాకుండా నేరుగా వెనకున్న మనిషికి పోతుంది. ఒక్కసారి మొదటి మడత పడితే చాలు, ఆ తర్వాతి మడతలకు అంత బలం అక్కర్లేదు, ఒకటే తీరున పడుతూ పోతాయి. ఆ మొదటి మడతను మనమే ముందుగా, నెమ్మదిగా వేసి పంపిస్తే ముల్లు ఉండదు. పెద్దాయన చెవి వంచి విన్న టప్పు ఆ మొదటి మడతదే అన్నమాట. చీర కుచ్చిళ్ళు తలుచుకున్నాను. గంజి పెట్టిన కొత్త చీరకు మొదటి కుచ్చి పట్టడానికే అవస్థ, అది నిలిచిందంటే మిగతావి దాని వెనకే వచ్చేస్తాయి. అలాగేనా అంటే ఆమెకు ఆ పోలిక నచ్చింది. మరి ముందే నలిపితే బలం తగ్గిపోదా అన్నాను. నలిపిన గోరంత మందమే పోతుంది, కింద ఉన్నదంతా అలాగే ఉంటుంది కదా అంది.

అర్థమైంది. అర్థమై కూడా మనసుకు ఎక్కలేదు. తిరుగు దారిలో బస్సులో కూర్చుని ఆ మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఇంటికి వచ్చాక రెండు కాగితపు టీ కప్పులు నేల మీద బోర్లించాను. ఒకదాన్ని అలాగే పాదంతో నొక్కాను. కాసేపు మొండికేసి, ఉన్నట్టుండి చప్పున కూలింది, నా మడమ నేలకు కొట్టుకుంది. రెండోదాన్ని ముందు చేత్తో కొంచెం నలిపి నొక్కాను. అది ఏ గొడవా లేకుండా మెల్లగా అణిగింది. మా ఆయన బెంగళూరు నుంచి వచ్చి, వంటింట్లో కప్పులు తొక్కుతున్న నన్ను చూసి ఏమైందని అడిగారు. గట్టిగా ఉన్నదే దెబ్బ కొడుతోందండీ అన్నాను. ఆయన ఇంకాస్త అయోమయంలో పడి స్నానానికి వెళ్ళిపోయారు.

కప్పుల సంగతి అలా ఉంచితే, నాకు తెగనిది ఇంకొకటి. నేను చేసినదాంట్లో తప్పెక్కడుంది? డ్రాయింగులో లేనిదాన్ని లేదన్నాను. అడిగితే తెలియదన్నవాడిని ఎలా నమ్మాలి? రేపు ఇంకొకరు కారణం తెలియకుండా ఇంకేదో చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా? ఇలా వాదించుకుని గెలిచేదాన్ని. గెలవగానే టీ బండి దగ్గర నేనన్న అవును గుర్తొచ్చేది. పన్నెండింటిని కొలిచి ఆ మనిషి జీవితమంతా చేసినవాటికి చీటీ అతికించేశాను. ఆ మాటకు ఏ డ్రాయింగూ సాయం రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

జరిగినదానికి కారణం రాసి పంపమని కొనే కంపెనీ వాళ్ళు అడిగారు. ప్రెస్ మనిషి పని ఎవరికీ అప్పగించకుండా మానేశాడని రాస్తే సరిపోతుంది కదా అన్నారు మేనేజరు. ఆయన చెడ్డవాడు కాదు. ఎదురుగా లేని మనిషి మీద పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని ఆయన లెక్క. నాకు ఆ క్షణంలో ఆ వాక్యం రాయబుద్ధి అయిందని కూడా ఒప్పుకోవాలి, రాస్తే నా ఉద్యోగానికి ఢోకా లేదు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి తనిఖీలో పొరపాటు అని రాసి కింద నా సంతకం పెట్టాను. మేనేజరు చదివి నిట్టూర్చి, అయితే ఎంత ఒత్తాలో కూడా రాయండి, అంకె కావాలి అన్నారు. అంకె ఎవరికీ తెలియదు. ఎర్ర డబ్బాలో మిగిలినవి కొలిచాను. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు నలిగింది, ఇంకొకటి ఆరు, ఇంకొకటి అయిదూ చిల్లర. ఏ రెండూ ఒకటిగా లేవు, పరీక్షకు పెట్టినవన్నీ నెగ్గాయి.

పెద్దాయనను వెనక్కి తీసుకురమ్మన్నారు మేనేజరు. ఆదివారం కెలవరపల్లి వెళ్ళాను. ఊరి డ్యామ్ కింద మురికి నీళ్ళ మీద తెల్లటి నురగ తేలుతోంది, గాలికి కొంచెం రోడ్డు మీదికి కొట్టుకొస్తోంది. ఆయన ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని టమాటా నారుకు కట్టే పురికొస ముక్కలు కోస్తున్నాడు. నన్ను చూసి లేచి, లోపలికి కేకేసి మజ్జిగ తెమ్మన్నాడు. ఆయన భార్య గ్లాసు నా చేతికిచ్చి, నా మొహం వంక చూడకుండా వెళ్ళిపోయింది.

దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పరీక్ష గురించి, ముల్లు గురించి, కప్పుల గురించి కూడా. మీరు చేసిందే సరైనది, నేను రాసిందే తప్పు, నన్ను క్షమించండి అన్నాను. ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. పురికొస కోయడం ఆపి కత్తి పక్కన పెట్టాడు.

"నువ్వు అవునన్నాక నేను రోజూ స్టేషన్‌కు పోతా ఉండానమ్మా" అన్నాడు. "బెంగళూరు బండి వస్తే ముందర కూర్చున్న డ్రైవర్ని చూస్తా. అతనికి నేను చెడు చేసినానా, ఏ బండిలో నా బ్లాకు ఉండాదో అని. ఎట్ల తెలస్తాది? అడగాలంటే ఏమని అడిగేది?"

ఆయన చేత్తో ఒత్తిన దిమ్మలున్న బండ్లలో డ్రైవర్లు క్షేమంగా ఉండేదే అందుకని చెప్పాను. అట్లనా, అన్నాడు. మళ్ళీ చెప్పాను. సరేమ్మా, అన్నాడు. నమ్మాడో, పాపం ఇంత దూరం వచ్చింది కదా అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒత్తేటప్పుడు ఎక్కడ ఆపాలని ఎలా తెలుస్తుందని అడిగాను. వినపడతాది కదా, అన్నాడు. ఏం వినపడుతుందంటే పురికొస మళ్ళీ చేతిలోకి తీసుకుని, అప్పుడైతే వినపడతా ఉండె, అన్నాడు. సోమవారం వస్తానని మాటిచ్చాడు.

వచ్చాడు. ఈలోగా ఇంజనీర్లు పద్ధతి కాగితం రాసి ప్రెస్ పక్కన అంటించారు. అయిదు మిల్లీమీటర్లని ఒక అంకె వేశారు, కొలిచేందుకు చిన్న గేజి బిగించారు. గేజి చూసి ఒత్తితే కొన్ని దిమ్మలకు ముల్లు పోతోంది, కొన్నింటికి కొంచెం మిగిలిపోతోంది. అందుకే ఆయన్ను ఆయన పద్ధతిలోనే ఒత్తమన్నారు, నన్ను పక్కన నిలబడి రాసుకోమన్నారు. పొద్దున వరసలో నిలబడినప్పుడు నేను అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఆ రోజు కూడా నేలకేసే చూశాడు.

దిమ్మ పెట్టాడు. చెవి వంచాడు. మెల్లగా లీవరు దించసాగాడు. చెయ్యి సగంలో ఆగింది. చప్పుడు ఇంకా రాలేదని నాకు కూడా తెలుస్తోంది. మళ్ళీ కొంచెం దించి ఆపాడు. నా వైపు తిరిగాడు. ఆ ప్రెస్ దగ్గర ఇన్నేళ్ళలో ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"చాలునా అమ్మా?"

ఇంకొంచెం అన్నాను, భయం భయంగా. టప్పుమంది. ఆయనకు వినపడిందో లేదో, చెయ్యి తీయలేదు. నేను చాలంటే గానీ తీయలేదు. తర్వాతి దిమ్మకూ అంతే, ఆ తర్వాతిదానికీ అంతే.

నెలలు గడిచాయి. ఆయన రోజూ వేళకు వస్తాడు, నాతో మామూలుగానే మాట్లాడతాడు, మళ్ళీ నా తెలుగును వెక్కిరిస్తున్నాడు కూడా. దిమ్మలు ఎక్కువభాగం నెగ్గుతున్నాయి, ఒకటీ అరా తప్పుతున్నాయి. ఇదివరకు తప్పేవి కావు. ఆ చప్పుడు నాకు ఒకసారి ముందే వినిపించినట్టుంటుంది, ఒకసారి అసలు వినిపించదు, పక్క మిషను చప్పుడేమో అనిపిస్తుంది. నా చెవులకు అది రాదు. ఆయన చెవులకు వచ్చేది. ప్రతి దిమ్మకూ లీవరు మీద చెయ్యి ఉంచి, మెడ తిప్పి నా కళ్ళలోకి చూసి చాలునా అని అడుగుతాడు. నాకు తెలియదు. చాలు బాబాయ్ అంటాను. ఆయన నన్ను నమ్మి చెయ్యి తీసేస్తాడు.